బేస్‌మెంట్‌లో బెంగాలీ దెయ్యాలు

ఆవనూనె కాగే వాసనకి ఎవరికైనా ఆకలేస్తుంది, లేదా తుమ్ములొస్తాయి. నాకు మాత్రం కుళ్లు పుట్టుకొస్తుంది. మొన్న మా అపార్ట్‌మెంట్‌లో లిఫ్టు తలుపులు తెరుచుకోగానే ఆ వాసన గుప్పున కొట్టింది. మా అంతస్తులోకి కొత్తగా ఎవరో దిగినట్టున్నారు, చేప వేయిస్తున్నారు. సరుకుల సంచులు పట్టుకుని అక్కడే నిలబడిపోయాను. జుట్టు సగం నెరిసిన మనిషిని, మోకాళ్లకి మందులు వాడుతున్నదాన్ని, ఒక్క క్షణం తొమ్మిదేళ్ల పిల్లనైపోయి మూతి ముడుచుకున్నాను.

అప్పుడు మేం కెనడాలో, విన్నిపెగ్‌లో ఉండేవాళ్లం. కాలేజీల్లో చదువుకోవడానికి పిల్లలు విమానాల నిండా దిగుతున్న రోజులవి. బస్సెక్కితే సగం మంది మనవాళ్లే. వీపున బ్యాగు, లోపల కాఫీ షాపు యూనిఫాం, చెవిలో ఫోను. క్లాసు నుంచి షిఫ్టుకి, షిఫ్టు నుంచి క్లాసుకి పరుగే. ఇళ్లున్న వాళ్లందరూ కిందనున్న బేస్‌మెంట్‌లో ఒక స్టవ్వు పెట్టించి అద్దెకిచ్చేశారు. ఆదివారం ఎవరింట్లో భోజనాలైనా ఆంటీల మొదటి ప్రశ్న ఒకటే, మీ బేస్‌మెంట్‌లో ఎవరున్నారని. "మనవాళ్లే" అని చెప్పడంలో కాస్త గర్వం ఉండేది.

మా కింద కూడా మొదట మనవాళ్లే ఉండేవాళ్లు. వరంగల్ నుంచి వచ్చిన ఇద్దరక్కలు. వాళ్లకి టొరంటో పక్కన ఎక్కడో ఉద్యోగాలు దొరికి వెళ్లిపోతే, మంచు మొదలయ్యే ముందు ఒక బెంగాలీ అక్క దిగింది. సన్నగా, కళ్లజోడుతో, ఎప్పుడూ జలుబు చేసినట్టుండేది. చదివేది సప్లై చైన్ డిప్లొమా. పెట్టె నిండా తెచ్చుకున్నవి మాత్రం దెయ్యం కథల పుస్తకాలు. స్వెట్టర్లు ఇక్కడ కొనుక్కోవచ్చుగానీ అవి దొరకవు కదా అనేదట.

ఇక పైన మేం. అమ్మ, నాన్న, నేను, మా నాయనమ్మ. తాతయ్య పోయాక నాన్న ఆవిణ్ణి తీసుకొచ్చేశాడు. నా గదిలో, నా మంచం మీదే పడుకునేది. ఇంట్లో మిగతావన్నీ అందరివీ, నాయనమ్మ ఒక్కత్తే నాది. ఇది ఎవరూ నాకు రాసివ్వలేదుగానీ, నాకు అందులో అనుమానం లేదు. అమ్మానాన్నలకి ఆఫీసూ మీటింగులూ ఉన్నాయి, నాకు నాయనమ్మ ఉంది. లెక్క సరిపోయింది.

నాయనమ్మ కథ చెప్పడానికి ఒక షరతు పెట్టేది. ఊఁ కొట్టడం నుంచి ప్రశ్న అడగడం దాకా అంతా తెలుగులోనే జరగాలి. మధ్యలో నేను "దెన్ వాట్?" అంటే చాలు, దుప్పటి కప్పుకుని అటు తిరిగేది. "ఆ దెయ్యానికి ఇంగ్లీషు రాదే. నువ్వలా అడిగితే అది బెదిరిపోయి రావడం మానేస్తది" అనేది. ఇవాళ నేను ఈ నాలుగు ముక్కలు తెలుగులో రాయగలుగుతున్నానంటే ఆ బెదిరిపోయే దెయ్యాల పుణ్యమే.

ఆవిడ కథల్లో నాకు బాగా ఇష్టమైనది పులస చేప కథ. ఒకాయన సంతలో పులస కొని, ముక్కలు కొట్టించి, చీకటి పడే వేళ గోదావరి గట్టున నడిచి వస్తుంటాడు. వెనకనుంచి ముక్కుతో మాట్లాడే గొంతు ఒకటి, "ఒఁక్క ముఁక్క పెఁట్టవాఁ" అంటుంది. వెనక్కి తిరక్కుండా ఒక ముక్క వేస్తాడు. మలుపు తిరగ్గానే మళ్లీ అదే గొంతు, మళ్లీ ఒక ముక్క. చివరికి తల ఒక్కటే మిగులుతుంది. పులస తలంటే పెళ్లానికి ప్రాణం. దాన్ని గుండెకి హత్తుకుని పరిగెత్తి ఇంటికొచ్చి తలుపు కొడతాడు. పెళ్లాం తలుపు తీస్తుంది. దీపం ఉండదు. చీకట్లోంచి, "తఁల తెఁచ్చావాఁ?" అంటుంది.

అక్కడ నాయనమ్మ, అప్పటిదాకా పట్టుకున్న తన ముక్కు వదిలేసి నా ముక్కు పట్టుకునేది. తర్వాతేమైందని ఎన్నిసార్లు అడిగినా, "ఏముందీ, తలుపేసుకుంది" అనేది. ఆ కథ ప్రపంచంలో మా ఇద్దరికే తెలుసని నా నమ్మకం.

బెంగాలీ అక్క వచ్చిన కొన్ని వారాలకి ఒకరోజు నాయనమ్మ చేపల పులుసు పెట్టింది. "పాపం ఆ పిల్ల ఒక్కత్తే ఉంది, ఇచ్చి రా" అని గిన్నె నా చేతికిచ్చి, ఉండుండు అంటూ గ్యారేజీలోకి వెళ్లింది. వేసవిలో బార్బెక్యూ చేయగా మిగిలిన బొగ్గుల సంచీలోంచి ఒక నల్లటి ముక్క తెచ్చి గిన్నె మూత మీద పెట్టింది. నీసుకూర పట్టుకుని సందెవేళ గడప దాటితే దెయ్యాలు వెంటపడతాయని, బొగ్గు ఉంటే రావని ఆవిడ నమ్మకం. నాకు తల తీసేసినట్టయింది. మేం ఉండే వీధిలో హాకీ ఆడుకునే పిల్లలు చూస్తే ఏమనుకుంటారు?

"ఇక్కడ దెయ్యాలుండవు నాయనమ్మా, మైనస్ ట్వెంటీ ఫైవ్ ఉంది" అన్నాను.

"చలికి ఆకలెక్కువేస్తదే వాటికి" అని, నన్ను నమ్మలేక తనూ శాలువా కప్పుకుని నా వెనకాలే బయల్దేరింది.

మా బేస్‌మెంట్‌కి దారి ఇంటి పక్కనుంచి వేరే తలుపు. అద్దెకిచ్చేటప్పుడు లోపలి మెట్ల తలుపుకి తాళం వేసేశారు. మంచులో చుట్టూ తిరిగి వెళ్లి తలుపు కొట్టాం. అక్క తలుపు తీసి గిన్నె చూసింది, మీదున్న బొగ్గు చూసింది. ఇదేమిటని అడగలేదు. మొహమంతా వెలిగిపోయి, "మేఛో భూత్!" అని గట్టిగా నవ్వింది. చేపల వాసన పట్టుకుని వెంటపడే దెయ్యానికి వాళ్లు పెట్టుకున్న పేరట అది.

అప్పుడు నా వెనకనుంచి నాయనమ్మ ఏదో అంది. అది తెలుగు కాదు, వచ్చీరాని హిందీ కూడా కాదు. గొంతు మారిపోయింది, చేతులు తిప్పడం మారిపోయింది. అక్క రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని, ఆ తర్వాత వరదలా మాట్లాడింది. ఇద్దరి మధ్య గిన్నె పట్టుకుని నేను నిలబడ్డాను. లోపలికి రమ్మని నన్ను పిలవడం కూడా వాళ్లకి కాసేపటిదాకా గుర్తు రాలేదు.

ఆ రాత్రి భోజనాల దగ్గర నాన్న తీరిగ్గా చెప్పాడు. "నేను పుట్టకముందు నాన్నగారికి ఖరగ్‌పూర్‌లో డ్యూటీ. అమ్మ కొన్నేళ్లు అక్కడ రైల్వే క్వార్టర్స్‌లో ఉంది. బెంగాలీ వచ్చని తెలుసుగానీ ఇంత వచ్చని నాకూ తెలీదు."

నాయనమ్మ నవ్వుతూ మజ్జిగ కలుపుకుంది. నాయనమ్మ దగ్గర నేను చూడని పెట్టె, తీయని అర లేదనుకున్నాను. ఒక భాషంత భాష దాచిపెట్టుకుని, దాన్ని నిన్నగాక మొన్నొచ్చిన పిల్ల ముందు తీసింది.

ఆ రోజు నుంచి నా కష్టాలు మొదలయ్యాయి. అంతకుముందు నేను స్కూలు బస్సు దిగేసరికి నాయనమ్మ కిటికీ దగ్గర నిలబడి ఉండేది. ఇప్పుడు కిటికీలో కుండీ ఒక్కటే ఉంటోంది. తాళం తీసుకుని లోపలికొస్తే ఇల్లంతా ఆవనూనె వాసన. అక్క క్లాసులు మధ్యాహ్నానికి అయిపోయేవి, సాయంత్రం షిఫ్టుకి వెళ్లేలోపు ఇద్దరూ కింద కూర్చునేవాళ్లు. చలికాలంలో అక్కడ నాలుగున్నరకే చీకటి పడిపోతుంది కాబట్టి దెయ్యాలకి రాత్రిదాకా ఆగాల్సిన పనుండేది కాదు.

ఇంట్లో వేడిగాలి రావడానికి ప్రతి గదిలో నేలమీద వెంట్ ఉంటుంది. కింది గదుల గొట్టాలూ పై గదుల గొట్టాలూ ఒకటే. నా మంచం పక్కనున్న వెంట్ దగ్గర బోర్లా పడుకుని చెవి పెడితే కింద మాటలన్నీ వినిపించేవి. అర్థమయ్యేవి కావు. నాయనమ్మ నవ్వు ఒక్కటే అర్థమయ్యేది. నాతో ఉన్నప్పుడు ఆవిడ అలా నవ్వేది కాదు. నాతో నవ్వేది పెద్దవాళ్లు పిల్లలతో నవ్వే నవ్వు. కింద నవ్వేది ఇంకో ఆడపిల్లతో నవ్వే నవ్వు. ఒకరోజు కడుపుమండి ఆ వెంట్‌లో నా మేజోళ్లు కుక్కేశాను. కాసేపటికి గది చల్లబడిపోయింది, మాటలూ ఆగిపోయాయి. ఉండబట్టలేక నేనే మళ్లీ లాగేశాను.

అమ్మ గొడవ ఇంకోటి. "ఇల్లంతా స్మెల్ వస్తోందండీ. మీటింగ్‌లో నా జాకెట్ ఎవరైనా నోటీస్ చేస్తారేమోనని టెన్షన్. ఆ అమ్మాయికి మీరైనా చెప్పండి" అని నాన్నతో అనేది. నాన్న చెప్పేవాడు కాదు. అమ్మ నా పార్టీ అనుకుని కొన్నాళ్లు సంతోషించాను. ఒక శనివారం అక్క ఆవపిండి పట్టించి వండిన చేప పంపిస్తే, అమ్మ గిన్నె అడుగుదాకా అన్నం కలుపుకుని తింది. అలా ఆ ఒక్క ఓటు కూడా పోయింది.

నాయనమ్మ మంచు బూట్లు వాషింగ్ మెషీన్ వెనక దాచి చూశాను. ఆవిడ వెతికి వెతికి, నాన్న బూట్లు తొడుక్కుని, చీర కుచ్చెళ్లు ఎత్తి పట్టుకుని దభీదభీమని నడుస్తూ వెళ్లింది. కిటికీలోంచి చూస్తే నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది.

అక్క నా సంగతి కనిపెట్టేసింది. నాతో ఇంగ్లీషులోనే మాట్లాడేది. ఒకరోజు బస్సు దిగుతుంటే ఎదురై, "నువ్వు మా శాఁక్‌చున్నీవి" అంది. అదేమిటని అడిగితే, శంఖం గాజులు వేసుకుని తిరిగే ఆడదెయ్యమట. సుఖంగా ఉన్న కాపురం కనిపిస్తే ఓర్చుకోలేదట, ఆ ఇంటి ఇల్లాలిని పట్టుకుని ఆవిడ స్థానంలో కూర్చుంటుందట. నాకు ఒళ్లు మండిందిగానీ, కుళ్లుబోతులకి ప్రత్యేకంగా ఒక దెయ్యం ఉండటం చూసి ముచ్చట కూడా వేసింది.

అదొక్కటేనా! రైలు కింద తల పోగొట్టుకున్నవాడికొక దెయ్యం, మారేడు చెట్టు మీద కూర్చుని మంచివాళ్లకి సాయం చేసే బ్రాహ్మణ దెయ్యం, చిత్తడి నేలల్లో దీపమై దారి తప్పించే దెయ్యం. మన దగ్గర కొరివి దెయ్యం, బ్రహ్మరాక్షసుడు అని నాలుగు పేర్లు చెప్పేసరికి నాకు ఊపిరి అయిపోయేది. వాళ్ల దెయ్యాల సంఖ్య చూసి కూడా నాకు అసూయే.

"మా దగ్గర ఎంత పెద్ద రచయితైనా దెయ్యం కథ రాయకపోతే ఊరుకోరు" అని చెప్పింది అక్క. "వాళ్ల పెద్ద నవలలు మా ఇంట్లో పై అరలో ఉండేవి. దెయ్యం కథలు మాత్రం పిల్లలకి అందే అరలో ఉండేవి. దుర్గాపూజకి వచ్చే పత్రికల ప్రత్యేక సంచికలో దెయ్యం కథ లేకపోతే మా అమ్మ అసలు కొనేదే కాదు. కరెంటు పోతే మాకు పండగ. టార్చిలైటు అమ్మ దగ్గర, చెవులు మా దగ్గర."

చెబుతూ చెబుతూ కళ్లజోడు తుడుచుకుంది. ఆ అమ్మాయి కూడా ఇంటి మీద బెంగపెట్టుకుని ఉంటుందని అప్పుడు నాకు తట్టలేదు. తట్టినా ఒప్పుకునేదాన్ని కాదు.

ఒక సాయంత్రం నాయనమ్మ నన్ను బలవంతాన కిందికి తీసుకెళ్లింది. "ఎన్నాళ్లే ఆ మూతి? ఇవాళ నీకోసం ఇంగ్లీషులో చెప్తానంది, రా" అంది. మరమరాల్లో ఆవనూనె, ఉల్లిపాయలు కలిపి గిన్నె మధ్యలో పెట్టింది అక్క. నేను తిననని చెప్పి తింటూ కూర్చున్నాను. నాయనమ్మ గోడకి ఆనుకుని కాళ్లు చాపుకుంది. అక్క లైటు ఆర్పి స్టవ్వు పైనుండే చిన్న బల్బు ఒక్కటే ఉంచి మొదలుపెట్టింది.

ఒకాయన బజారులో ఇలిష్ చేప కొన్నాడు. ముక్కలు కొట్టించుకున్నాడు. చీకటి పడే వేళ రూప్‌నారాయణ్ నది గట్టున వస్తున్నాడు.

నా చేతిలో మరమరాలు ఆగిపోయాయి. అక్క ముక్కు పట్టుకుని, వెనకనుంచి వచ్చే గొంతులా అడిగింది. ఒక ముక్క వేశాడు. మలుపు తిరిగాడు. నాయనమ్మ వైపు చూశాను. చిన్నపిల్లలా నోరు తెరుచుకుని, తర్వాతేమవుతుందో తెలియనట్టే వింటోంది. నేను లేచి నిలబడ్డాను.

"దట్స్ మై స్టోరీ!" అని అరిచాను. "అది పులస! అది గోదావరి! మా నాయనమ్మ దగ్గర కొట్టేశావు నువ్వు!"

అక్క బిత్తరపోయింది. "ఇది మా అమ్మ చెప్పేది" అంది మెల్లగా.

"పులసా ఇలిషూ ఒకటే చేపే పిచ్చిమొహమా" అని నాయనమ్మ నా చెయ్యి పట్టుకుని లాగింది. "అక్కడ సముద్రంలోంచి వాళ్ల ఏట్లోకి ఎక్కితే ఇలిష్, మన గోదాట్లోకి ఎక్కితే పులస. ఆ కథ నాకు ఖరగ్‌పూర్‌లో పక్క క్వార్టర్‌లో ఉండే దీదీ చెప్పింది. ఇది కొట్టేయడమేంటి?"

"మరి గోదావరి అని ఎందుకు చెప్పావు?"

"నీకు ఆ నది తెలీదుగదే. ఇదైనా నీదనుకుంటావని."

నేను వినలేదు. కోటు లేకుండా తలుపు తీసుకుని మంచులోకి పరిగెత్తాను. నాకు ఒక దొంగ సరిపోలేదు, ఇంకొకరు దొరికారు. ఎక్కడో ఖరగ్‌పూర్‌లో, మా నాన్న కూడా పుట్టని రోజుల్లో, మొహం కూడా తెలియని ఒక దీదీ నాకంటే ముందే నాయనమ్మ పక్కన కూర్చుని నాయనమ్మ ముక్కు పట్టుకుంది.

పడుకునే ముందు నాయనమ్మ నా పాదాలు తన రెండు చేతుల్లో పెట్టుకుని వెచ్చజేస్తూ చెప్పింది. పదహారేళ్లకి కాపురానికి వెళ్లిందట. తాతయ్య డ్యూటీకి పోతే భాష తెలియని చోట రోజంతా ఒక్కత్తే ఉండేదట. దీదీ రోజూ ఒక దెయ్యం కథ చెప్పి, అర్థం కాని చోటల్లా నటించి చూపించేదట. అలా దెయ్యాల దగ్గరే బెంగాలీ నేర్చుకుందట. "నాకిప్పటికీ ఆ కథలు బెంగాలీలోనే గుర్తొస్తాయే. నీకు చెప్పేటప్పుడు మెల్లగా తెలుగు చేసుకుంటా" అంది.

వాళ్లందరూ తినగా మిగిలింది నాకు పెట్టిందని నాకర్థమైంది. "అయితే నాకింక కథలొద్దు" అని గోడవైపు తిరిగాను. పంతం మీద ఆ చలికాలమంతా ఒక్క కథా అడగలేదు. ఆవిడా బలవంతపెట్టలేదు. కిందికి మాత్రం వెళ్తూనే ఉంది.

మంచు కరిగాక అక్క చదువు అయిపోయింది. మాంట్రియల్‌లో ఉద్యోగం వచ్చింది. వెళ్లేరోజు నాయనమ్మ కాళ్లకి దణ్ణం పెట్టి, నా చేతిలో తన ఫోన్ నంబరు పెట్టింది. మా ఇల్లు ఆవనూనె వాసన పోయి శుభ్రంగా తయారైంది. నాయనమ్మ మళ్లీ కిటికీ దగ్గర నిలబడింది. గెలిచానని అనుకున్నాను. కానీ కిటికీ దగ్గర నిలబడ్డ మనిషి తగ్గిపోయినట్టుండేది. మాట్లాడటానికి ఎవరూ లేని ఒక భాష ఆవిడ నోట్లో ఉండిపోయింది. పంతం వదిలి నేను మళ్లీ కథలడిగాను, ఆవిడా చెప్పింది. అన్నీ పాతవే. కొన్నాళ్లకి నేను పెద్దదాన్నయ్యాను, నాకు వేరే గది ఇచ్చారు.

ఆ కాలమంతా ఇప్పుడు ఎటు పోయిందో తెలియదు. చదువుకోవడానికి వచ్చేవాళ్లు తగ్గిపోయారు. ఆ వీధిలో బేస్‌మెంట్‌లన్నీ పాత సోఫాలతో, వాడని ట్రెడ్‌మిల్లులతో నిండిపోయాయి. ఆ స్టవ్వుల మీద ఎన్ని జిల్లాల కూరలు ఉడికాయో ఆ ఇళ్లు కొనుక్కున్నవాళ్లకి తెలియదు.

నాయనమ్మ చివరి రోజులు అక్కడే, విన్నిపెగ్ ఆసుపత్రిలో గడిచాయి. నేనప్పటికి ఉద్యోగం చేస్తున్నాను. ఒక మధ్యాహ్నం వెళ్లేసరికి ఆవిడ గడగడా మాట్లాడుతోంది. నాన్న మంచం పక్కన వంగి, "అమ్మా, తెలుగులో చెప్పమ్మా. ఏం కావాలమ్మా?" అని బతిమాలుతున్నాడు. ఆవిడ బెంగాలీ తప్ప ఒక్క ముక్క మాట్లాడటంలేదు. ఏదో అడుగుతోంది, మేం ఇవ్వకపోతే విసుక్కుంటోంది. నీళ్లిచ్చాం, దుప్పటి కప్పాం, అదేదీ కాదు. ఎవరికి ఫోన్ చెయ్యాలో నాకు తెలుసు. చెయ్యడానికి మనసు రాలేదు. చిట్టచివర కూడా మా నాయనమ్మ మాట నేను ఆ అక్కనడిగి తెలుసుకోవాలా అని కడుపు రగిలిపోయింది. అయినా చేశాను.

ఫోన్ స్పీకర్‌లో అక్క "దిదా" అంది, అమ్మమ్మని వాళ్లు పిలిచే పిలుపు. నాయనమ్మ మొహం తేటపడింది. చాలాసేపు మాట్లాడింది. అక్క మధ్యలో రెండు మూడు మాటలంది.

"అక్కా, ఏమంటోంది? ఏం కావాలట?" అని అడిగాను.

"నన్ను ఖరగ్‌పూర్ దీదీ అనుకుంటోంది. 'మా ఇంట్లో ఒక పిల్ల ఉంది, దానికి కథలంటే పిచ్చి. నా దగ్గరున్నవన్నీ అయిపోయాయి, అది అలిగింది. నీ దగ్గర కొత్తది ఏదైనా ఉంటే చెప్పు దీదీ, పట్టుకెళ్లి దానికి చెప్పాలి' అంటోంది." అక్క మళ్లీ అంది. "కింద నా దగ్గరికి వచ్చినప్పుడు కూడా రోజూ ఇదే అడిగేది. నీకు తెలుసనుకున్నాను."

నాకు తెలియదు. నాయనమ్మ మా నాన్న బూట్లు వేసుకుని మంచులో ఎందుకు నడిచిందో నాకు అప్పటిదాకా తెలియదు.

"చెప్పక్కా" అన్నాను. "కొత్తది చెప్పు."

అక్క చెప్పింది. నాయనమ్మ కళ్లు మూసుకుని తల ఊపుతూ విన్నది. ఎక్కడో నవ్వింది, ఎక్కడో భయపడి నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. కథ అయ్యేసరికి నిద్రపోయింది.

"నీకు ఇంగ్లీషులో చెప్పనా?" అంది అక్క.

"వద్దక్కా. లేచాక నాయనమ్మ చెబుతుంది" అన్నాను.

నాయనమ్మ లేవలేదు. అక్క ఇప్పటికీ పండగలకి ఫోన్ చేస్తుంది, బోలెడు మాట్లాడుకుంటాం. ఆ కథ ఏమిటని మాత్రం నేను అడగలేదు. నాయనమ్మ నాకోసం అడిగి తీసుకున్న కథ అది. ఇంకొకరి నోట వినడానికి ఇప్పటికీ నాకు మనసొప్పదు.